భయపడే రౌతు, గమనించే గుర్రం: ఒక శిక్షణ డైరీ

పని ఉద్దేశం

గుర్రమెక్కాలన్న కోరికా, ఎక్కితే పడిపోతానేమోనన్న భయమూ సమానంగా ఉన్న ఒక కొత్త రౌతుకూ, చుక్క అనే ఆడగుర్రానికీ మధ్య పొత్తు కుదర్చడానికి చేస్తున్న ప్రయత్నాన్ని ఈ డైరీలో నమోదు చేస్తున్నాను. చుక్కకు పద్నాలుగేళ్ళు. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, నల్లని జూలు, నుదుట తెల్లని మచ్చ. ఆ మచ్చవల్లనే దానికా పేరు వచ్చింది. రౌతు నడివయసు స్త్రీ. ఇంతకుముందు ఆమె ఏ గుర్రాన్నీ చేత్తో తాకి ఎరుగరు. శిక్షణ ఇచ్చే బాధ్యత నాది.

ఆమెకు ధైర్యం నూరిపోయడం ఈ పనికి లక్ష్యం కాదని మొదటే నిర్ణయించుకున్నాను. నాలుగు వందల కిలోల పైచిలుకు బరువుండి, తనకంటూ ఒక బుద్ధి ఉన్న జంతువు వీపున కూర్చోబోయే మనిషికి భయం కలగడం సహజం, కొంతవరకు అవసరం కూడా. నేను పెట్టుకున్న లక్ష్యం వేరు. తాను ఫలానా విధంగా కదిలితే గుర్రం ఏం చేస్తుందో రౌతుకు ముందుగా తెలియాలి. ఈ మనిషి ఫలానా విధంగా కదిలితే తననుంచి ఏం కోరుతున్నదో గుర్రానికీ ముందుగా తెలియాలి. మచ్చిక అని మనం పిలిచే దానిలో చాలా భాగం ఈ ముందెరుకే అని నా నమ్మకం. ముద్దు చేయడమూ తాయిలాలు పెట్టడమూ ఆ తరువాతి మాట.

రౌతు కొద్దీ గుర్రమని పెద్దలు అన్నారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని కూడా అన్నారు. మొదటి సామెతతో నాకు పేచీ లేదు. రెండోదాన్ని మాత్రం చాలామంది శిక్షకులు గట్టిగా తన్నమనీ, గట్టిగా లాగమనీ చెప్పడానికి సాకుగా వాడుకుంటారు. భయపడే మనిషి చేతికి ఆ సలహా ఇస్తే ఆమె భయమంతా పగ్గాల గుండా గుర్రం నోటికి చేరుతుంది. గుర్రాన్ని తికమక పెట్టేది రౌతు మెత్తదనం కాదు, అస్పష్టత. ఈ తేడాను నిరూపించుకోవాలన్న పట్టుదల కూడా ఈ డైరీ వెనుక ఉన్నది.

గుర్రం ఎంపిక

కొత్తవారికి సాధారణంగా దేనికీ చలించని గుర్రాన్ని ఇస్తారు. ఆ పద్ధతిలో భద్రత ఉన్న మాట నిజమే గాని, ఎంత చెప్పినా ఉలకని గుర్రాలలో కొన్ని శాంతంగా ఉన్నవి కావు. ఏళ్ళ తరబడి అర్థం లేని తన్నులు తిని, స్పందించడం మానుకున్నవి. అలాంటి గుర్రం మీద కూర్చున్నవారికి తమ శరీరం ఏం చెబుతున్నదో ఎన్నటికీ తెలియదు. నాకు కావలసినది స్పందించే గుర్రం, అయితే ఉలిక్కిపడిన వెంటనే తేరుకునే గుర్రం. చుక్క అటువంటిది. కొత్త వస్తువు కనబడితే ఆగుతుంది, తలెత్తి చూస్తుంది, చెవులు నిక్కిస్తుంది, ఆపై ఒక పొడవైన ఊపిరి వదిలి తన పనిలో పడుతుంది.

పని మొదలుపెట్టే ముందు దాని పళ్ళు, గిట్టలు, వీపు పరీక్ష చేయించాను. జీను దాని మూపు మీద నొక్కకుండా ఉన్నదో లేదో చూశాను. నొప్పితో ఉన్న గుర్రానికి మంచి నడవడి నేర్పాలనుకోవడం అన్యాయం. రౌతు బరువూ జీను బరువూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే హద్దు. ఈ జంట ఆ హద్దుకు బాగా లోపలే ఉన్నది.

నేల మీది పని

జీను మాట ఎత్తకుండా తొలి వారాలన్నీ నేల మీదనే గడిపాము. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడంవల్ల తన చుట్టూ ఉన్నదాన్ని దాదాపుగా అంతా అది ఒకేసారి చూడగలదు. అయితే సరిగ్గా తోక వెనుక కొంత మేర, నుదుటికీ ముక్కుకూ ఎదురుగా బాగా దగ్గరలో మరికొంత మేర దానికి కనబడదు. కాబట్టి ఎదురుగా వెళ్ళి నుదురు నిమరబోవడం, మనకు ఎంత ఆప్యాయంగా తోచినా, గుర్రానికి ఎక్కడినుంచో ఒక చెయ్యి ఊడిపడినట్టే. భుజం వైపుకు ఏటవాలుగా, నెమ్మదిగా మాట్లాడుతూ, చేతులు కిందికి ఉంచి నడవమని రౌతుకు చెప్పాను. చుక్క మెడ తిప్పి ఆమె చేతి వెనుక భాగాన్ని వాసన చూసేదాకా తాకవద్దన్నాను.

"అంటే, నన్ను చూసి అదీ జంకుతుందాండీ?" అని ఆమె అడిగారు. "జంకుతుందండి. పరుగెత్తి ప్రాణం దక్కించుకునే జాతి కదా, కొత్తవారు వచ్చిన ప్రతిసారీ ముందు దారి ఎటున్నదో చూసుకుంటుంది" అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఆ రోజునుంచి ఆమె ప్రశ్నలు మారాయి. అప్పటివరకు "ఇది నన్నేం చేస్తుంది?" అన్నవే ఎక్కువ; ఆపైన "దీనికిప్పుడు ఏమనిపిస్తున్నది?" అన్నవి మొదలయ్యాయి. మొత్తం శిక్షణలో అతి పెద్ద మలుపు ఇదేననీ, అది జీను వేయకముందే జరిగిందనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

చేతికి పని ఉంటే భయానికి చోటు తగ్గుతుంది. అందుకని ఆమెకు స్టెతస్కోపు ఇచ్చి, చుక్క ఎడమ మోచేతి వెనుక పెట్టి గుండె చప్పుడు లెక్కించడం నేర్పాను. ఎదిగిన గుర్రం గుండె విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో చప్పుడుకూ మధ్య అంత ఎడం ఉంటుందని ఆమె ఊహించలేదు. పెద్ద జంతువుకు పెద్ద దడ ఉంటుందని అనుకున్నారట. నా పుస్తకంలో ఆ పూట రాసుకున్న అంకెలు ఇవి: మాలీసుకు (బ్రష్షుతో ఒళ్ళు రుద్దడానికి) ముందు చుక్కకు 40, ఆమెకు 112. మాలీసు ముగిశాక చుక్కకు 34, ఆమెకు 88.

ఈ తగ్గుదలకు కారణం కేవలం సమయం గడవడం కాదు. గుర్రాలు ఒకదానినొకటి పళ్ళతో గీరుకునేటప్పుడు ఎక్కువగా ఎంచుకునే చోటు, మెడా వీపూ కలిసే మూపు భాగం. అక్కడ మనిషి చేత్తో గోకినా గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో ప్రచురితమైన ఒక పరిశోధనలో క్లోదియా ఫే, ద మాజియేర్ అనే పరిశోధకులు చూపించారు. మెడను చరచడం కన్నా మూపును గోకడం మేలని నేను మొదటినుంచీ చెప్పడానికి ఆధారం ఇదే. చరచడం మనకు అలవాటైన మెచ్చుకోలు. గోకడం గుర్రాలకు తమలో తమకున్న మర్యాద. రబ్బరు బ్రష్షుతో గుండ్రంగా రుద్దుతూ ఆమె మూపు దగ్గరికి వచ్చినప్పుడు చుక్క పైపెదవి ముందుకు సాగి వణికింది. అది కరవబోతున్నదని ఆమె వెనక్కి జరిగారు. చెవులు మెత్తగా పక్కకు వాలి, కన్ను సగం మూసుకుని, పెదవి మాత్రం సాగితే అది హాయి. చెవులు వెనక్కి మెడకు అతుక్కుపోయి, ముక్కుపుటాల చుట్టూ ముడతలు పడితే అది హెచ్చరిక. ఒక్క గుర్తును పట్టుకుని గుర్రం మనసు చెప్పడం ఎప్పుడూ ప్రమాదమే. ఒళ్ళంతా కలిపి చదవాలి.

గిట్టలు ఎత్తి శుభ్రం చేయడం దగ్గర కొంచెం ఎక్కువ కాలం పట్టింది. వెనుక కాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఆమె జంకుతూ చెయ్యి చాచి దూరంగా నిలబడేవారు. నిజానికి తన్నుకు పూర్తి బలం దొరికేది ఆ దూరంలోనే. గుర్రం ఒంటికి భుజం ఆనేంత దగ్గరగా నిలబడి, తుంటినుంచి చెయ్యి ఎత్తకుండా కిందికి జార్చుకుంటూ వెళ్ళడమే సురక్షితమని చెప్పి, మొదట నేనే చేసి చూపించాను. గిట్ట శుభ్రం చేసే పుల్లను మడమ వైపునుంచి కొన వైపుకు నడపాలి. మధ్యలో ఉండే మెత్తని త్రికోణ భాగాన్ని గుచ్చకూడదు. ఆ మెళకువ పట్టుబడ్డాక వెనుక కాళ్ళ భయం దానంతట అదే తగ్గింది.

చేతితో తాయిలాలు పెట్టడాన్ని మొదటినుంచీ ఒప్పుకోలేదు. జేబుల్లో మూతి పెట్టి వెతికే గుర్రం భయపడే మనిషికి మరింత భయం తెప్పిస్తుంది. ఆమె వెనక్కి తగ్గితే, మూతి ముందుకు చాస్తే మనిషి జరుగుతుందని గుర్రం నేర్చుకుంటుంది. పెట్టదలచినది పని ముగిశాక తొట్టెలో వేస్తాము. ఆమె వస్తుంటే చుక్క సన్నగా సకిలిస్తే ఆమె ముఖం వెలిగిపోతుంది. అందులో తొట్టె మీది ఆశ ఎంతో, ఆమె మీది ఇష్టం ఎంతో విడదీసి చెప్పే శక్తి నాకు లేదు. ఆ సకిలింపు కోసం ఆమె పెందలాడే రావడం మొదలుపెట్టారు. పనికి అది చాలు.

తాడు పట్టుకుని నడవడం

తలకు హాల్టరు (నోట్లో కళ్ళెం లేని తలపట్టీ) వేసి, దాని తాడు చేతికి చుట్టుకోకుండా మడతలుగా పట్టుకుని, గుర్రం మెడ పక్కన నడవడం ఈ దశలోని పని. ఆగు, నడు, తిరుగు అన్నవి తప్ప వేరే ఏమీ లేవు. అయితే ఒత్తిడీ విడుపూ అన్న సూత్రం పూర్తిగా అర్థమయ్యేది ఇక్కడే. గుర్రానికి నేర్పేది మనం పెట్టిన ఒత్తిడి కాదు, సరైన స్పందన రాగానే ఆ ఒత్తిడిని తీసేయడం. తాడు మీద కొద్దిపాటి లాగుడు పెట్టాలి, చుక్క ఒక్క అడుగు వేయగానే పూర్తిగా వదలాలి. విడుపు ఒక క్షణం ఆలస్యమైతే అడుగు వేసినందుకు దక్కిన ఫలితమేమిటో గుర్రానికి తెలియదు. భయపడే చేతులు పట్టుకోవడంలో ఆలస్యం చేయవు, వదలడంలో చేస్తాయి. అందువల్ల ఈ దశలో నేను ఆమెతో అన్నిటికన్నా ఎక్కువసార్లు అన్న మాట "వదలండి" అన్నదే.

సాధన మైదానం మూలన నీలిరంగు ప్లాస్టిక్ పట్టా పరచి ఉండేది. దాని పక్కనుంచి నడిచేటప్పుడల్లా చుక్క తలెత్తేది. పట్టా గురించి ముందే ఆలోచిస్తూ, నాలుగడుగుల ముందే తాడు బిగిస్తున్నది రౌతేనని నాకు కనబడింది. 2009లో స్వీడన్‌కు చెందిన లిండా కీలింగ్ బృందం ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగినది. మనుషులు గుర్రాలను నడిపిస్తూనో ఎక్కి స్వారీ చేస్తూనో ఒక దారి వెంట పలుమార్లు వెళ్ళారు; చివరిసారి గుర్రం పక్కన గొడుగు విప్పుతామని వారికి ముందుగా చెప్పారు. గొడుగు విప్పనేలేదు. అయినా ఆ చివరి నడకలో మనుషుల గుండె వేగమూ పెరిగింది, గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గుర్రాలకు గొడుగు గురించి ఏమీ తెలియదు. వాటికి తెలిసినది పక్కనున్న మనిషి మాత్రమే.

ఈ సంగతి రౌతుకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నీ భయమే గుర్రాన్ని భయపెడుతున్నదని చెబితే, భయపడినందుకు ఇంకా భయపడే ప్రమాదం ఉన్నది. అయినా చెప్పాను, ఎందుకంటే అదే సూత్రం రెండో వైపునుంచి కూడా పనిచేస్తుంది: భయం మనసులో ఉన్నా, శరీరంలోని ఒకటి రెండు భాగాలను విడిచిపెట్టగలిగితే గుర్రానికి అందే కబురు మారుతుంది. పట్టా దగ్గరికి వచ్చేసరికి దాని వైపు చూడకుండా అవతలి కంచె వైపు చూడమనీ, గాలి బయటికి పొడవుగా వదలమనీ చెప్పాను. చుక్క ఒక చెవిని పట్టా వైపూ, ఇంకో చెవిని ఆమె వైపూ పెట్టి నడిచి వెళ్ళిపోయింది. ఆ రెండు చెవుల తీరును ఆమెకు చూపించి, "ఒకటి మీకిచ్చింది చూశారా?" అన్నాను.

జీను మీద, ఆగిన గుర్రం

నేలనుంచి రికాబులో కాలు పెట్టి ఎక్కితే జీను పక్కకు లాగబడి గుర్రం వీపు మీద భారం పడుతుంది కాబట్టి, చెక్క మెట్టు మీదనుంచే ఎక్కిస్తున్నాను. తలకు సరిగ్గా అమరిన హెల్మెట్టు, పాదం రికాబులోంచి జారి ఇరుక్కుపోకుండా మడమ ఉన్న బూట్లు, గుర్రం మెడ చుట్టూ ఒక తోలు పట్టీ, ఇవి లేకుండా ఎక్కనివ్వను. మెడపట్టీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. భయం వేసినప్పుడు చెయ్యి ఏదో ఒకటి పట్టుకుని తీరుతుంది. అది పగ్గాలను పట్టుకుంటే గుర్రం నోరు నొస్తుంది, పట్టీని పట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు. మనిషి స్వభావాన్ని మార్చడానికి బదులు దానికి సరైన చోటు చూపించడం ఎప్పుడూ తేలిక.

మొదటి కొన్ని పూటలు ఎక్కడం, ఆగి ఉన్న గుర్రం మీద ఊపిరి తీయడం, దిగడం, అంతే. రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసి, ముందుకు వంగి, పక్కకు జారి మోకాళ్ళు మడిచి నేల మీద దిగే అత్యవసర పద్ధతిని ఆగి ఉన్న గుర్రం మీద బాగా సాధన చేయించాను. దిగడం తన చేతిలో ఉన్నదని తెలిసిన మనిషి ఎక్కి కూర్చునే తీరే వేరు.

పొడవాటి తాడు చివర

ఇక్కడినుంచి చుక్క నా చుట్టూ గుండ్రంగా నడుస్తుంది, వేగమూ దిశా నా చేతిలో ఉంటాయి. రౌతుకు పగ్గాలు ఇవ్వలేదు. ఆమె పని తన శరీరం ఒక్కటే.

భయపడిన శరీరం ఎక్కడైనా ఒకేలా ప్రవర్తిస్తుంది. ఊపిరి నిలిచిపోతుంది, భుజాలు చెవుల వైపుకు లేస్తాయి, మోకాళ్ళు జీనును పట్టకారులా బిగిస్తాయి, మడమలు పైకి లేస్తాయి, నడుము ముందుకు వంగుతుంది, చూపు గుర్రం మెడ మీదికి దిగుతుంది. ఇప్పుడు గుర్రం వైపునుంచి చూడాలి. ఒంటి మీద వాలిన ఈగ ఎక్కడున్నదో పసిగట్టి, సరిగ్గా అక్కడి చర్మాన్నే కదిలించి తోలేయగల జంతువు అది. కాళ్ళు బిగిస్తే ముందుకు వెళ్ళమని దానికి నేర్పారు, నడుము ముందుకు వంగితే వేగం పెంచమని దానికి అనిపిస్తుంది, పగ్గాలు బిగిస్తే ఆగమని నేర్పారు. ఒకే క్షణంలో ఈ మూడూ వస్తే అది దేనికి లోబడాలి? నెమ్మదైన గుర్రమైతే ఆగిపోతుంది, చురుకైనదైతే వడి పెంచుతుంది. ఎటు చేసినా తప్పు పట్టవలసినది దానిని కాదు.

గుర్రానికి ఇంత సూక్ష్మమైన చదువు ఉందని లోకానికి తెలిసిన కథ ఒకటి ఉన్నది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుడి దగ్గరున్న హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసి, జవాబును గిట్టతో నేల తట్టి చెబుతుందని పేరు పొందింది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు ఓపికగా పరీక్షించి 1907లో తేల్చినది ఇది: అడిగేవారికి జవాబు తెలియకపోయినా, వారు దానికి కనబడకపోయినా హాన్స్ సరైన జవాబు చెప్పలేకపోయేది. తట్లు సరైన అంకెకు చేరగానే అడిగినవారి తల తమకు తెలియకుండానే రవ్వంత కదిలేది. గుర్రం ఆ కదలికను చూసి ఆపేది. దీన్ని మోసం బయటపడిన కథగా చెప్పుకుంటారు గాని, నాకు హాన్స్ మీద గౌరవం ఈ కథవల్ల పెరిగిందే తప్ప తగ్గలేదు. లెక్కలు రాకపోతేనేం, చుట్టూ ఉన్న మనుషులు తమ గురించి తాము ఎరుగనిదాన్ని అది ఎరిగింది.

భయం పోగొట్టుకోమని చెప్పడానికి బదులు, నడకలోని నాలుగు అడుగుల చప్పుళ్ళను బిగ్గరగా లెక్కపెట్టమన్నాను. గుర్రం నడకలో ఎడమ వెనుక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు, కుడి ముందు కాలు అనే వరుసలో నాలుగు గిట్టలూ విడివిడిగా నేల తాకుతాయి. వెనుక కాలు ముందుకు వచ్చేటప్పుడు ఆ వైపు తుంటి కిందికి జారినట్టు రౌతుకు తెలుస్తుంది. ఆ లెక్క పైకి చెబుతూ ఉంటే ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు. మాట్లాడే మనిషి గాలి వదలక తప్పదు. మొదట్లో ఆమె గొంతు సన్నగా, తొందరగా ఉండేది. కొన్ని చుట్లు తిరిగేసరికి లెక్క చుక్క అడుగులతో కలిసింది, చుక్క తల కిందికి దిగింది, ముక్కుతో బుస్సుమని గాలి వదిలింది. ఆమె కూడా వెంటనే అలాగే గాలి వదిలారు. ఎవరినుంచి ఎవరు అందుకున్నారో ఈ పూటకు నిర్ణయించే అవసరం లేదు.

ఈ దశలోనే ఒక చిక్కు వచ్చింది. ఎడమ చేతి వైపు తిరిగేటప్పుడు చుక్క వలయాన్ని చిన్నది చేసుకుంటూ లోపలికి వాలేది; కుడి వైపు బాగానే ఉండేది. మొండితనమనుకోవడం తేలిక. జీను తీశాక కింది గుడ్డ చూస్తే చెమట మరక ఒక వైపు ముదురుగా, ఇంకో వైపు లేతగా ఉన్నది. వెనుకనుంచి చూడగా, ఎడమ వైపు తిరిగేటప్పుడు రౌతు నాకు దగ్గరగా ఉండాలన్న తపనతో లోపలి రికాబు మీదనే బరువంతా వేస్తున్నారనీ, జీను ఆ వైపుకు జారుతున్నదనీ తెలిసింది. గుర్రం వాలుతున్నది ఆ బరువు కిందికి చేరుకుని దాన్ని నిలబెట్టడానికే. రికాబులు రెండూ తీసేయించి, కాళ్ళు కిందికి వేలాడదీయించి, బయటి చేతిని పైకి ఎత్తించి నడిపించాను. వాలడం దాదాపు వెంటనే తగ్గింది. రౌతు పడబోతుంటే అడుగు వెతుక్కుని కిందికి వచ్చి మోస్తున్న గుర్రాన్ని మొండిదని రాసుకోకుండా ఆ చెమట మరక ఆపింది.

కాళ్ళతో ఎంత బలంగా నొక్కాలన్న ప్రశ్న ఆమె తరచు అడిగేవారు. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ సంగతి చెప్పాను. పోలియోవల్ల మోకాళ్ళ కింద పట్టు కోల్పోయి, గుర్రమెక్కడానికీ దిగడానికీ ఇతరుల సాయం కావలసిన ఆమె, జూబిలీ అనే ఆడగుర్రం మీద 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ (నిర్ణీత కదలికలను గుర్రంతో తీరుగా చేయించే పోటీ) విభాగంలో వెండి పతకం గెలిచారు. 1956లో మళ్ళీ గెలిచారు. పిక్కల బలమే గుర్రాన్ని నడిపేదైతే అది జరగదు. కూర్చునే తీరూ, బరువూ, ఎదురుచూసే ఓపికా చేసే పని ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ట్రాట్

నడకనుంచి, దానికన్నా వేగమైన ట్రాట్‌కు మారడం భయపడే రౌతుకు అసలైన గండం. ఇందులో కాళ్ళు మూలవాటుగా జతలు జతలుగా నేల తాకుతాయి, రెండు చప్పుళ్ళ నడుమ గుర్రం ఒక క్షణం గాలిలో ఉంటుంది, ఆ ఎగురుడు నేరుగా రౌతు నడుముకు తగులుతుంది. బిగుసుకుంటే ఎగిరి పడడం ఎక్కువవుతుంది, ఎగిరి పడితే గుర్రం వీపు నొచ్చి కుంగుతుంది, తల పైకి లేస్తుంది, వేగం పెరుగుతుంది, దానితో రౌతు ఇంకా బిగుసుకుంటుంది. ఈ గొలుసును మధ్యలో తెంచడం కష్టం. మొదలుకాకుండా చూడడమే మార్గం.

అందుకని ట్రాట్‌ను కొన్ని అడుగులకే పరిమితం చేశాను. బిగుతు మొదలయ్యేలోగా నడకకు దింపడం, రెండు చుట్లు ఊపిరి తీసుకోనివ్వడం, మళ్ళీ కొన్ని అడుగులు. లేచి కూర్చునే పద్ధతిని ముందు నడకలోనే నేర్పాను. ఆపై బయటి ముందుకాలు ముందుకు వెళ్ళేటప్పుడు లేవడం, అది నేల తాకేటప్పుడు కూర్చోవడం. లయ దొరికిన పూట రౌతు ముఖంలో వచ్చిన మార్పును వర్ణించను. చుక్క మెడ మాత్రం ముందుకు సాగి, దవడ మెత్తబడి, వీపు ఆమె కింద ఊగడం మొదలైంది. నా లెక్కలో విజయమంటే అది. ఒకే దిశలో చాలాసేపు చిన్న వలయంలో తిప్పితే గుర్రం కీళ్ళకు చేటు కాబట్టి, ఎంత బాగా సాగుతున్నా తరచు దిశ మారుస్తాను, త్వరగా ముగిస్తాను.

పిట్ట లేచిన పూట

కంచె పొదలోంచి ఒక పిట్ట రివ్వున లేచింది. చుక్క రెండడుగులు పక్కకు దూకింది. గుర్రం ముందు దూకి, తరువాత ఏమిటని చూస్తుంది; ఆ వరుసను మనం తిరగరాయలేము. రౌతు ఒక వైపుకు జారారు, మెడపట్టీని రెండు చేతులా పట్టుకున్నారు, నాకు వినబడేటంత గట్టిగా గాలి వదిలారు. చుక్క ఆగింది. తలెత్తి పొద వైపు చూసింది, ఒక చెవిని వెనక్కి, ఆమె వైపుకు తిప్పింది. ఆమె మెడపట్టీనుంచి ఒక చేతిని తీసి మూపును గోకారు. నేను తాడు బిగించనూ లేదు, దగ్గరికి పరుగెత్తనూ లేదు. నా తొందర వారిద్దరికీ మూడో భయమయ్యేది.

దిగుతారా అని అడిగాను. దిగవచ్చునని చెప్పడం ముఖ్యం, నిజంగానే దిగనివ్వడం ఇంకా ముఖ్యం. ఆమె కాసేపు ఆలోచించి, నడకలో ఇంకో చుట్టు తిరిగి దిగుతానన్నారు. పొదకు దూరంగా వలయాన్ని జరిపి, ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చాను. దిగిన తరువాత కొలిచిన అంకెలు: చుక్కకు 52, కొన్ని నిమిషాలకే 40. ఆమెకు 130 దాటి ఉన్నది, తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ తేడాను ఆమెకు చూపించాను. గుర్రం ఆ భయాన్ని అక్కడే వదిలేసింది, మనిషి ఇంకా మోస్తున్నది. ఇది తక్కువతనం కాదు, జాతి లక్షణం. "దాని అంకెనే నమ్ముకుంటానండి" అని ఆమె అన్నారు.

తాడు విప్పిన తరువాత

ఇప్పుడు పగ్గాలు ఆమె చేతిలో ఉన్నాయి. తాడు విప్పినప్పటికీ నేను ముందు పక్కనే నడిచాను, తరువాత వలయం మధ్యకు వెళ్ళాను, ఆపై కంచె దగ్గరికి. ఒక పగ్గాన్ని నెమ్మదిగా పొట్టి చేసి గుర్రాన్ని చిన్న వలయంలోకి తిప్పి ఆపే పద్ధతిని నడకలో నేర్పాను. వేగంలో హఠాత్తుగా చేస్తే గుర్రం తూలుతుంది కాబట్టి అది నడకలోనే అలవాటు కావాలి. నిలిపేటప్పుడు ముందు గాలి వదలడం, తరువాత నడుము నిలపడం, అప్పటికీ కావలసి వస్తేనే వేళ్ళు మూయడం అన్న వరుసను పాటిస్తున్నాము. వేళ్ళ దాకా వెళ్ళే అవసరం రానురాను తగ్గుతున్నది. పగ్గాలు బిగుసుకునే అలవాటు మాత్రం మైదానం దూరపు మూలలో ఇంకా ఉన్నది; అక్కడ ఆమె చూపు కిందికి దిగుతుంది, చుక్క అడుగు పొట్టిదవుతుంది.

ప్రస్తుత స్థితి, ముందున్న పని

మూడు పనులు మిగిలి ఉన్నాయి. మొదటిది, ఆమె వేరే గుర్రం మీద కూడా నడకా ట్రాట్ చేయాలి. ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది, చుక్కను విడిచిపెట్టమంటున్నానేమోనని. విడిచిపెట్టడం కాదు. ఒక్క గుర్రం మీదనే కుదిరే శాంతం ఆ గుర్రం కుంటిన నాడు కుప్పకూలుతుంది. పైగా వేరే గుర్రం చెవులు చదివి వచ్చిన మనిషి చుక్క చెవులను ఇంకా బాగా చదువుతుంది. చుక్కకు కూడా వేరే రౌతులు కావాలి, ఒక్కరి తీరుకే అలవాటుపడితే రేపు కొత్తవారి కింద అది ఇబ్బంది పడుతుంది.

రెండోది, జీను మళ్ళీ కొలిపించాలి. ఈ నెలల పనిలో చుక్క వీపు కండపట్టి మూపు వెనుక ఆకారం మారింది. కడుపు పట్టీ మునుపటి రంధ్రంలో బిగియడం లేదు.

మూడోది, ట్రాట్‌కన్నా వేగమైన క్యాంటర్. మూడు చప్పుళ్ళ ఆ నడతను పొడవాటి తాడు మీదనే, మెడపట్టీతోనే మొదలుపెడతాను. అందుకు నేను పెట్టిన షరతు వేగానికి సంబంధించినది కాదు. రెండు దిశల్లోనూ, దూరపు మూలలో కూడా, ట్రాట్‌నుంచి నడకకు వేళ్ళు కదపకుండా ఊపిరితోనే దించగలగాలి. కుడి వైపు అది వచ్చేసింది. ఎడమ వైపు ఒక పూట వస్తున్నది, ఒక పూట రావడం లేదు. వచ్చే వారం రికాబులు లేకుండా ఆ వైపు నడకతోనే మళ్ళీ మొదలుపెడుతున్నాము.